ఆరు దాకా పగలే

తాటివలస మున్సిపాలిటీలో సూర్యుడి మీద మొదటి ఫైలు తెరిచినవాణ్ణి నేనే. హెడ్ గుమాస్తాగా ఇరవై రెండేళ్ళ సర్వీసులో కుళాయిల మీద, వీధి కుక్కల మీద, చచ్చిపోయి కూడా ఓటర్ల జాబితాలోంచి కదలనివాళ్ళ మీద ఎన్నో ఫైళ్ళు నడిపాను గానీ, ఆకాశంలో ఉన్నవాడి మీద ఫైలు నడపడం అదే మొదలు. ఫైలు చక్కగా నడిచింది. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. నడవవలసిన మిగతావి నడవలేదు, అది వేరే సంగతి.

ఆ ఏడు పైనుంచి ఏకరూపతా సంవత్సరం ప్రకటించారు. అన్నీ అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్నమాట. ఆఫీసు గోడలకి ఒకే రంగు, బోర్డులకి ఒకే అక్షరాలు, పార్కుల్లో మొక్కలకి ఒకే ఎత్తు. మా పార్కులో గన్నేరు మొక్క ఒకటి ఉత్తర్వులకి మించి ఎదిగినందుకు తోటమాలి సంజాయిషీ రాసుకున్నాడు. ఆ ఊపులోనే మాకు కొత్త కమిషనరు విశ్వపతిరావు గారు వచ్చారు. మార్చి ఇరవై ఒకటిన ఛార్జి తీసుకుని, సాయంత్రం ఆఫీసు మెట్ల మీద నిలబడి ఊరు చూశారు. గోడగడియారం ఆరు కొట్టింది. అటు పొద్దు గుంకింది. ఇటు వీధి దీపాలు వెలిగాయి. కమిషనరు గారి ముఖం కూడా వెలిగింది.

"ఎవరండీ ఆ దీపాలు వేసింది?" అని అడిగారు.

వేసింది తవిటయ్య. పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు హెల్పరు. ఊరి దీపాలకి రెండే స్విచ్చు పెట్టెలు: ఒకటి ఆఫీసు వెనక, ఒకటి రైలు గేటు దగ్గర. సైకిలు మీద తిరుగుతూ సాయంత్రం వేసేదీ తెల్లవారి తీసేదీ అతనే. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు ఆరేళ్ళుగా బల్లలు ఎక్కుతూ దిగుతూ వచ్చి, అప్పటికి ఒకే ఒక్క సంతకం దూరంలో ఆగింది. డిసెంబరు నెలాఖరు దాకా అతని మీద ఒక్క మెమో కూడా పడకపోతే కమిషనరు గారు ఆ సంతకం పెట్టవచ్చు. పద్నాలుగేళ్ళలో తవిటయ్య మీద మెమో లేదు. నా మీద ఉన్నాయి, మూడు.

కమిషనరు గారు అతన్ని లోపలికి పిలిపించారు. "ఆరింటికి ఠంచనుగా వేశావు. రోజూ ఇదే టైమా?"

"నేదు బాబూ. పొద్దు గుంకినప్పుడు యేస్తాను."

"పొద్దు ఎన్నింటికి గుంకుతుంది?"

"అది దానిష్టం బాబూ. మనం సెప్తే ఇంటాదేటి?"

కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "రాసుకోండి సదాశివరావు గారూ," అన్నారు. "మున్సిపల్ ఉద్యోగి విధి నిర్వహణ, సంస్థతో సంబంధం లేని మూడో వ్యక్తి ఇష్టాయిష్టాల మీద ఆధారపడరాదు."

ఉత్తర్వు నేనే తయారు చేశాను. సూర్యాస్తమయం అనగా సాయంత్రం ఆరు గంటలు అనియు, సూర్యోదయం అనగా ఉదయం ఆరు గంటలు అనియు, ఉదయం ఆరు నుండి సాయంత్రం ఆరు దాకా పగలు అనియు, తక్కినది రాత్రి అనియు అర్థం చేసుకోవలెను. రోజూ ఆరింటికి వెలిగిన దీపం కింద నిలబడి ఫోనులో ఫోటో తీసి పంపవలెను. భాష బాగుందని కమిషనరు గారు మెచ్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది.

చిక్కు జూన్‌లో వచ్చింది. ఆరయ్యేది, దీపాలు వెలిగేవి, సూర్యుడు మాత్రం మరో అరగంట దాకా అలాగే నిలబడి ఉండేవాడు. తెల్లవారి ఐదుంబావు దాటేసరికి ఎండ వచ్చేసినా ఆరు దాకా దీపాలు వెలుగుతూనే ఉండేవి. ఎండకి దీపం పెట్టి చూపిస్తున్నారేమిటని బజారులో నవ్వుకున్నారు. ఇద్దరు ముగ్గురు అర్జీలు కూడా పెట్టారు.

అర్జీలు చదివి కమిషనరు గారు దీపాల సంగతి అడగలేదు. దీపాలు ఉత్తర్వు ప్రకారమే ఉన్నాయి కదా. "ఆరు దాటాక వెలుతురు ఎందుకుంది?" అని అడిగారు. ఫైలు మీద 'అనధికార వెలుతురు' అని పేరు రాసి, తవిటయ్యని నివేదిక ఇమ్మన్నారు.

తవిటయ్యకి రాయడం రాదు. మమ్మల్ని ఆఫీసు డాబా మీదికి తీసుకెళ్ళి చేత్తో చూపించాడు. "సలికాలం అదిగో, జూటు మిల్లు గొట్టం ఎనక్కి దిగుతాడు బాబూ. ఎండాకాలం అంత దూరం జరిగిపోయి, నీళ్ళ టాంకీ అవతల దిగుతాడు. ఎండలప్పుడు నెత్తిమీంచి పెద్ద సుట్టు తిరిగొస్తాడు, అందుకే లేటు. సలికాలం వారనించి అడ్డదారిన ఎల్లిపోతాడు."

"ఒకే పనికి రెండు దారులా?" అన్నారు కమిషనరు గారు. "ఏ దారి ఎవరు ఆమోదించారు?"

తవిటయ్య నా వైపు చూశాడు. నేను నీళ్ళ టాంకీ వైపు చూశాను.

నా సీటు వెనక గోడకి బట్టల కొట్టువాళ్ళ కేలండరు ఉంది. అందులో రోజూ సూర్యోదయం ఇన్నింటికి, సూర్యాస్తమయం ఇన్నింటికి అని అచ్చువేసి ఉంటుంది. ఏ రెండు నెలలూ ఒకలా ఉండవు. ధైర్యం చేసి అది చూపించాను. ప్రైవేటు ప్రచురణ అనీ, మనల్ని కట్టిపడేయదనీ చెప్పి తీయించేశారు. నిపుణుల్ని పిలవమన్నారు. మా బడ్జెట్‌లో దొరికే నిపుణురాలు మున్సిపల్ హైస్కూలు హైమావతి టీచరు. ఆవిడ ఆటోలో స్కూలు గ్లోబు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

కిటికీలు మూయించి, బల్ల మధ్యలో బల్బు వెలిగించి, గ్లోబును దాని చుట్టూ తిప్పుతూ ఆవిడ చెప్పిన పాఠం నా జన్మలో నాకు అర్థమైన మొదటి భూగోళ పాఠం. "భూమి బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతుంది సార్. కానీ ఆ ఇరుసు నిటారుగా లేదు, ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంది. ఆ వాలు ఎప్పుడూ ఒకే దిక్కుకి. అలా వాలే సూర్యుడి చుట్టూ ఏడాదికోసారి తిరిగొస్తుంది. జూన్‌లో మనం ఉన్న సగం సూర్యుడి వైపుకి ఒరుగుతుంది. పగలు ఎక్కువ. డిసెంబరుకి భూమి అవతలి పక్కకి వెళ్ళేసరికి అదే సగం సూర్యుడికి ఎడంగా ఒరుగుతుంది. పగలు తక్కువ. మార్చిలో, సెప్టెంబరులో ఇటూ కాదు, అటూ కాదు. అప్పుడు పగలూ రాత్రీ సమానం."

కమిషనరు గారు లేచి గ్లోబు చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి చూశారు. దాని స్టాండు మీద వేలు పెట్టారు.

"ఇది కొన్నప్పుడే ఇలా వంగి ఉందా, మీ స్కూల్లో వంగిందా?"

"అన్ని గ్లోబులూ ఇలాగే ఉంటాయి సార్."

"అన్నీనా?" ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. "అంటే ఇది ఒక పాఠశాల నిర్లక్ష్యం కాదు. వ్యవస్థాగత లోపం."

పక్కనే అసిస్టెంటు ఇంజనీరు ఉన్నాడు. కోణమానిని పెట్టి కొలిచి, ఇరవై మూడున్నరేనని ధ్రువపరిచాడు. "గోడ రెండు డిగ్రీలు వాలితేనే నోటీసు ఇస్తాం సార్. ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది."

"సార్, భూమి వాలి ఉంది కాబట్టి గ్లోబు వాలుగా చేశారు," అంది హైమావతి టీచరు. "గ్లోబును నిటారు చేస్తే భూమి నిటారు కాదు."

కమిషనరు గారు చాలా మర్యాదగా నవ్వారు. "అమ్మా, పాఠం మీరు చెప్పండి, పరిపాలన నేను చూస్తాను. ప్లానులో తప్పుంటే ముందు ప్లాను సవరిస్తాం. కట్టడం తర్వాత దానికి అనుగుణంగా వస్తుంది. ఎక్కడైనా అదే పద్ధతి."

గ్లోబును బజారులో వెల్డింగు కొట్టుకి పంపాం. సాయంత్రానికి స్టాండు తిన్నగా చేయించుకుని కర్రలా నిలబడి వచ్చింది. మళ్ళీ కిటికీలు మూశాం, బల్బు వేశాం. ఇంజనీరు గ్లోబును చుట్టూ తిప్పాడు. జూన్‌లోనూ సగానికి వెలుతురు, డిసెంబరులోనూ సగానికి వెలుతురు. ఏ ఊరికైనా ఎప్పుడైనా పన్నెండు గంటలే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను. టీచరు మాత్రం రెండు చేతులతో నుదురు పట్టుకుని కూర్చుంది.

మర్నాడు ఉత్తర్వు వెళ్ళింది. పగలు హెచ్చుతగ్గులకు కారణమైన వాలు సవరించబడినందున, నేటి నుండి తాటివలస పరిధిలో అన్ని పగళ్ళూ సమానమని ఇందుమూలముగా తెలియజేయడమైనది. దాని నకలు పైకి పంపాం. పైనుంచి అభినందన వచ్చింది. చుట్టుపక్కల స్కూళ్ళన్నిటికీ సవరణ వర్తింపజేయమన్నారు. వెల్డింగు కొట్టు ముందు గ్లోబులు గుమ్మడికాయల్లా గుట్టపడ్డాయి. తొందరలో రెండింటికి దక్షిణ ధ్రువం కాలిపోయింది. అక్కడ మనవాళ్ళెవరూ లేరని ఇంజనీరు రాసిచ్చాడు. హైమావతి టీచరు క్లాసులో పిల్లలు గ్లోబును చేత్తో పక్కకి వంచి పట్టుకుని పాఠం వింటున్నారని ఒక ఫిర్యాదు వచ్చింది. ఆవిడకి మెమో పంపాం. ఆవిడ సంతకం పెట్టి తీసుకుని, పిల్లల్ని అలాగే పట్టుకోమంది.

సెప్టెంబరు మూడో వారంలో తనిఖీ బృందం వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా డాబా మీద గొడుగు వేసుకుని కూర్చుని పగలు కొలిచారు. పన్నెండు గంటలకి పైన నాలుగైదు నిమిషాలు. కమిషనరు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది ప్రతి సెప్టెంబరులోనూ అంతే సార్," అంది అక్కడికి పిలిపించిన టీచరు.

"గత సెప్టెంబర్లలో ఎవరైనా కొలిచిన రికార్డు మన ఆఫీసులో ఉందా?" అని ఆయన నన్ను అడిగారు.

లేదు. లేదనే చెప్పాను. నా ఉద్యోగంలో నేను అబద్ధం చెప్పలేదు, రికార్డులో ఉన్నదే చెప్పాను. కమిషనరు గారికి ప్రశంసాపత్రం, శాలువా ఇచ్చారు. ఫోటోలో ఆయన పక్కన నిటారు గ్లోబు ఉంది, వెనక నా సగం ముఖం ఉంది.

అక్టోబరు గడిచి నవంబరు వచ్చింది. పొద్దు వెనక్కి వెనక్కి జరిగి ఐదుంబావుకే గుంకడం మొదలుపెట్టింది. ఐదూ నలభైకి కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. దీపాలు ఆరింటికి. జూటు మిల్లు కూత ఐదున్నరకి. కూత కూయగానే మూడు వందల మంది ఆడవాళ్ళు షిఫ్టు దిగి రైలు గేటు రోడ్డు మీదుగా ఇళ్ళకి నడుస్తారు. ఆ రోడ్డుకి ఎడమ పక్క పొడుగునా మురిక్కాలవ ఉంది. దాని పలకలన్నీ ఒకే కొలతలో ఉండాలని ఏకరూపత కింద పాతవి పీకేశారు. కొత్తవి ఇంకా రాలేదు.

చీకటిగా ఉంటోందని మిల్లు ఆడవాళ్ళు వచ్చి మొరపెట్టుకున్నారు. కమిషనరు గారు ఓపికగా విన్నారు. "చీకటి అనేది వ్యక్తిగత అభిప్రాయం," అన్నారు. "రికార్డు ప్రకారం మీరు పగలే ఇంటికి చేరుతున్నారు. ఆ విషయంలో ఈ ఊరు రాష్ట్రానికే ఆదర్శం."

నవంబరు ఇరవై మూడున గౌరమ్మ అనే ఆవిడ ఐదూ నలభై ఐదుకి ఆ కాలవలో పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. సైకిలు మీద గేటు దగ్గరికి వస్తున్న తవిటయ్యే కేక విని దిగి, మరో ఇద్దరి సాయంతో పైకి తీశాడు. మర్నాడు ప్రమాదాల రిజిస్టరు నా ముందుకి వచ్చింది. సమయం: ఐదూ నలభై ఐదు. పగలా, రాత్రా: పగలు. కారణం అన్న గడిలో, 'పట్టపగలు చూసుకోకుండా నడచుట' అని రాశాను. నా దస్తూరీ ఆఫీసులో అందరికన్నా బాగుంటుందని పేరు.

రాసి తలెత్తేసరికి ఎదురుగా తవిటయ్య.

"గుమాస్తా బాబూ, రేపట్నించి గేటుకాడ దీపాలు మిల్లు కూతకే యేసేస్తాను," అన్నాడు.

"నీకేమైనా మతి పోయిందా? పగటిపూట దీపం వేస్తే మెమో. మెమో పడితే నీ ఫైలు అక్కడితో సరి. పద్నాలుగేళ్ళు ఆగావు, ఇంకో నెల రోజులు ఓపిక పట్టలేవూ? సంతకం అయిపోయాక ఏం చేసినా మాట సాయానికి నేనుంటాను."

"నాను ఆగుతాను బాబూ. నెల్రోజులు ఆల్ల కాల్లు ఆగుతాయేటి? కాలవ ఆగుతాదేటి?"

నేను రిజిస్టరు మూశాను. అతను మాత్రం అన్నట్టే చేశాడు. మూడు రోజులు గేటు దీపాలు ఐదున్నరకే వెలిగాయి. మూడు రోజులూ ఒక్కరూ పడలేదు. అది రిజిస్టరులో రాయడానికి గడి లేదు. నాలుగో రోజు ఇంజనీరు ఫోటోతో సహా నివేదిక ఇచ్చాడు: పగటిపూట బహిరంగంగా దీపాలు వెలిగించి, ఉత్తర్వులను, తద్వారా పగటిని కించపరచినట్లు.

విచారణ ఆ సాయంత్రమే ఐదింటికి అన్నారు. కమిషనరు గారు ఫోనులో పైవాళ్ళతో ఏకరూపత గురించి మాట్లాడి వచ్చేసరికి ఐదున్నర. ఉత్తర్వు ఊరికే కాదు, ఆఫీసుకీ వర్తిస్తుంది. ఆరు లోపల ఏ గదిలోనూ లైటు వేయకూడదు. ఆ గది కిటికీలన్నీ తూర్పు వైపే.

"అభియోగ పత్రం చదవండి," అన్నారు కమిషనరు గారు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు వాక్యాలు చదివాను. మూడోది చూపుకి అందలేదు. రాసింది నేనే కాబట్టి తక్కినది జ్ఞాపకం మీద అప్పజెప్పాను. ఇంజనీరు సాక్ష్యం చెప్పడానికి లేచి మంచినీళ్ళ గ్లాసు పడేశాడు. ఏదో ఫైలు తడిసింది, ఏ ఫైలో తెలియలేదు. కమిషనరు గారు పెన్ను కోసం బల్లంతా తడిమారు. ఎవరు ఎక్కడున్నారో దగ్గుల్ని బట్టి పోల్చుకోవడమే.

"సదాశివరావు గారూ, కాస్త ఆ లైటు..." అని ఆగిపోయారు.

నేను కదల్లేదు. ఇంజనీరు కదల్లేదు. లైటు వేసినవాడి మీద ఏం చర్య తీసుకోవాలో నిర్ణయించడానికే అందరం కూర్చున్నాం. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది.

తవిటయ్య సంచిలో చెయ్యి పెట్టి టార్చిలైటు తీసి వేశాడు. గదంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది. అది కూడా నేరమేనని ఎవరూ అనలేదు. విచారణ నివేదికలో నేనూ రాయలేదు.

"పగటిపూట దీపాలు వెలిగించావా?" అని అడిగారు కమిషనరు గారు.

"సీకట్లో యెలిగించాను బాబూ."

"ఎన్నింటికి?"

"ఐదున్నరకి."

"ఒప్పుకున్నాడు. రాసుకోండి." ఆయన కాగితం ముందుకు లాక్కుని, కళ్ళు చికిలించారు. "ఏమయ్యా, కాస్త ఇటు పట్టు."

తవిటయ్య వంగి టార్చి ఇటు పట్టాడు. సంతకం చేసే చెయ్యి నీడ కాగితం మీద పడుతుంటే, అతనే కొంచెం జరిగి ఎడమ పక్కనించి పట్టాడు. అతన్ని పనిలోంచి తొలగించే ఉత్తర్వు మీద కమిషనరు గారి సంతకం చాలా స్పష్టంగా వచ్చింది. పర్మనెంటు ఫైలు మీద 'ముగించడమైనది' అని రాయడానికి కూడా అదే వెలుతురు సరిపోయింది. నేను గుమాస్తాని, తేదీ వేసి ముద్ర కొట్టాను.

"ఆ టార్చి ఎవరిది?" అని అడిగారు కమిషనరు గారు లేస్తూ.

"ఆఫీసుదే బాబూ. తంబాలెక్కడానికి ఇచ్చినారు."

"స్టోరులో అప్పజెప్పి వెళ్ళు."

స్టోరు తాళాలు నా దగ్గరే ఉంటాయి. టార్చి ఒకటి, పనిచేస్తున్నది, అందినది అని రసీదు రాసిచ్చాను. ఆ రసీదు రాయడానికి కూడా అతనే పట్టాడు. తర్వాత నేను దాన్ని ఆర్పి బీరువాలో పెట్టి తాళం వేశాను. తవిటయ్య రసీదు మడిచి జేబులో పెట్టుకుని, "వస్తాను బాబూ," అని వెళ్ళిపోయాడు.

మా ఇల్లు కూడా రైలు గేటు దాటాకే. తలుపులు వేయించి రోడ్డు మీదికి వచ్చేసరికి ముందున్నది రోడ్డో కాలవో తెలియడం లేదు. మిల్లు ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని ఒకరి వెనక ఒకరు, పేర్లు పెట్టి పిలుచుకుంటూ వస్తున్నారు. ఆ పిలుపులకి ముందు ఎక్కడో ఒక మగగొంతు వినబడుతోంది.

"ఇటు, కుడిపక్క రండమ్మా. ఆ, అడుగెయ్యండి. ఇక్కడ పలక నేదు, దూరంనించి రండి."

కాలవ అంచున నిలబడి తవిటయ్య ఒక్కొక్కరినీ దాటిస్తున్నాడు. చేతిలో ఏమీ లేదు. నేనూ ఆ ఆడవాళ్ళ వరసలో కలిసిపోయాను. నా వంతు వచ్చింది. చెప్పుల చప్పుడు పోల్చుకున్నాడు కాబోలు, చెయ్యి చాచాడు.

"బాబూ, మీరేనా? నిదానం. ఎడంపక్కే కాలవ."

ఆ చెయ్యి పట్టుకుని దాటాను. ఇంకా పగలేనో, రాత్రి అయిందో చూద్దామని వాచీ కళ్ళ దగ్గర పెట్టుకున్నాను. కనపడలేదు.